పాట కోసం కట్టిన జట్టు



నాటకాల చరిత్ర పుస్తకం ఏదైనా తీసి చూడండి. నాటకం రాసినవారి పేరు ఉంటుంది, కృష్ణుడి వేషం కట్టినవారి పేరు ఉంటుంది, హార్మోనియం వాయించినవారి పేరు కూడా ఒక్కోసారి ఉంటుంది. సినిమా చరిత్రయితే నిర్మాత, దర్శకుడు, హాలు కట్టించిన షావుకారు, అందరూ ఉంటారు. ఉండనిది ఒక్కరే. వంటింటి పని తెముల్చుకుని, చంటిపిల్లని చంకనెత్తుకుని, పక్కింటి పిన్నిగారినీ ఎదురింటి వదినగారినీ కలుపుకుని వెళ్ళి, టిక్కెట్టు కొని కూర్చున్న ఇల్లాలు. ఆవిడ రాకపోతే హాలు నిండేది కాదు, పెట్టెలో డబ్బు పడేది కాదు. అయినా ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ఈవేళ ఆవిడ గురించీ, ఆవిడ జట్టు గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం. చెప్పుకోడానికి దూరం వెళ్ళనక్కరలేదు. మన అబిడ్స్ నుంచి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దాకా తీరికగా నడిస్తే అరగంట దారి. ఆ దారిలోనే రేడియో పుట్టింది, సినిమా హాళ్ళు వెలిశాయి, పద్యనాటకం ఆడింది, ఆడవాళ్ళకంటూ ఒక రోజు కేటాయించిన ఎగ్జిబిషనూ వచ్చింది.

ముందుగా ఒక విదేశపు ముచ్చట చెప్పి, తర్వాత మన వీధిలోకి వస్తాను.

ఒపెరా అనే మాట మీరు వినే ఉంటారు. మాటలన్నీ పాటగా పాడుతూ ఆడే నాటకం అది. ఇటలీ దేశంలో 1600 ప్రాంతంలో పుట్టింది. మొదట రాజుల కొలువుల్లో ఆడేవారు. 1637లో వెనిస్ నగరంలో డబ్బిచ్చి ఎవరైనా చూడగల ఒపెరా హాలు తెరిచారు. మన యక్షగానానికీ పద్యనాటకానికీ దాన్ని వేలు విడిచిన చుట్టం అనుకోవచ్చు. నాయిక ప్రాణం పోతున్నా రాగం తీస్తూనే ఉంటుంది, మన హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి పద్యం ఎత్తుకున్నట్టే!

న్యూయార్క్ నగరంలో మెట్రోపాలిటన్ ఒపెరా అని పెద్ద సంస్థ ఉంది. 2006 డిసెంబరు 30న వాళ్ళొక కొత్త ఏర్పాటు చేశారు. స్టేజీ మీద ఆడుతున్న ఒపెరాని ఎన్నో కెమెరాలతో తీసి, ఆ క్షణంలోనే ఉపగ్రహం ద్వారా ఊరూరా సినిమా హాళ్ళకి పంపించారు. మొదట పంపింది మొజార్ట్ 1791లో కూర్చిన 'మేజిక్ ఫ్లూట్'. అక్కడ పాడుతూంటే ఇక్కడ తెర మీద చూడడమే, కింద మాటలు కూడా పడుతూంటాయి. ఇంటర్వెల్‌లో తెర వెనక్కి తీసుకెళ్ళి, వేషంలో ఉన్న గాయనిచేత రెండు మాటలు చెప్పిస్తారు. తర్వాత ఈ పద్ధతి ఎన్నో దేశాలకి పాకింది. లండన్ నేషనల్ థియేటర్ వారు కూడా 2009 నుంచి మాటల నాటకాల్ని ఇలాగే పంపడం మొదలుపెట్టారు. మన దేశంలో ముంబాయి ఎన్‌సీపీఏ హాల్లో ఇవి చూపించారు. కాకపోతే న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంట అంటే చలికాలంలో మనకి రాత్రి పదకొండున్నర. అర్ధరాత్రి ఒపెరాకి ఎవరు వెళ్తారు చెప్పండి!

ఇందులో నాకు నచ్చిన సంగతి యంత్రం కాదు. ఆ ఆటలకి జనం జట్లు జట్లుగా వెళ్తారు. సంఘం లేదు, చందా లేదు, అధ్యక్షురాలు లేదు. నలుగురు స్నేహితురాళ్ళు శనివారం మధ్యాహ్నం కలుస్తారు, పక్కపక్కన కూర్చుంటారు, ఇంటర్వెల్‌లో కాఫీ తాగుతూ ఆ గాయని గొంతు గురించి వాదించుకుంటారు, మళ్ళీ నెలకి ఏ ఆటకి వెళ్దామో అక్కడే తేల్చుకుంటారు. ఇది వింటూంటే మీకు ఏమీ జ్ఞాపకం రావడం లేదూ? మన మ్యాట్నీ జట్టే కదండీ అది!

దూరాన పాడే పాటని యంత్రంతో దగ్గరికి తెచ్చుకోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. 1881లో పారిస్‌లో విద్యుత్తు ప్రదర్శన జరిగినప్పుడు క్లెమాఁ ఆదేర్ అనే ఇంజనీరు ఒపెరా హాలు స్టేజీ అంచున టెలిఫోను మైకులు అమర్చి, ఆ పాటని తీగల మీదుగా ప్రదర్శనశాలకి రప్పించాడు. చెవికొకటి చొప్పున రెండు గొట్టాలు పెట్టుకుని జనం వరసలో నిలబడి విన్నారట. ఆ తర్వాత మూడేళ్ళకి పోర్చుగల్ రాజుగారికి ఓ చిక్కు వచ్చింది. బంధువర్గంలో ఎవరో పోయి రాచకుటుంబం మైలలో ఉంది. ఒపెరాకి వెళ్ళకూడదు, కానీ వినాలని ఉంది. అప్పుడు ఒపెరా హాలు నుంచి రాజభవనానికి టెలిఫోను తీగ వేశారు. రాజుగారు గడప దాటకుండానే పాట విన్నారు.

రాజుగారి మైల కొన్ని నెలలే. మన ముత్తమ్మమ్మలకి ఏడాది పొడుగునా ఏదో ఒక అడ్డమే. పురుడు, పుణ్యం, మడి, ఆచారం, అత్తగారి కోపం, నలుగురూ ఏమంటారోనన్న భయం. వాళ్ళకోసం ఎవరూ తీగలు వేయలేదు. వాళ్ళు పాటని ఎలా సంపాదించుకున్నారన్నదే ఈనాటి మన కథ.

తెలుగు నాటకం స్టేజీ ఎక్కింది 1880 ప్రాంతంలో. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు దానికి దారి వేశారు. అప్పట్లో ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఆడవాళ్ళే ఆశ్చర్యపడి చూసేవారని చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బాగానే ఉంది. కానీ ఆడ వేషం వేసేవాడూ మగవాడే, చూసేవాళ్ళల్లోనూ మగవాళ్ళే ఎక్కువ. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారుఝామున ముగిసే నాటకానికి గౌరవంగల ఇంటి కోడలు ఎలా వెళ్తుంది?

ఈ కట్టుబాటు సడలడానికి ఒక పెద్ద కారణం సురభి వారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావుగారి బృందం 'కీచకవధ' ఆడింది. అదే వాళ్ళ నాటక సమాజానికి పునాది. సురభి అంటే వేతనాల మీద నడిచే కంపెనీ కాదు, ఒక కుటుంబం. తాతగారు తెర లాగితే, తండ్రి భీముడు, తల్లి ద్రౌపది, మనవడు ప్రహ్లాదుడు. ఆడ వేషాలు ఇంటి ఆడవాళ్ళే వేశారు. కొడుకులకి పెళ్ళిళ్ళయి కుటుంబాలు పెరిగినకొద్దీ కొత్త సమాజాలు పుట్టి తెలుగు దేశమంతా తిరిగాయి. స్టేజీ మీద తల్లీ కూతురూ అత్తా కోడలూ కనిపించేసరికి, చూసేవాళ్ళల్లో ఉన్న తల్లులకీ అత్తలకీ కాస్త ధైర్యం వచ్చింది. “వాళ్ళూ సంసారులే కదా, కుటుంబంతో ఆడుతున్నారు కదా” అన్న ఒక్క మాట ఎన్ని ఇళ్ళల్లో మగవాళ్ళ నోరు మూయించిందో!

ఆ తర్వాత టాకీ వచ్చింది. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', 1932లో విడుదలైంది. దర్శకులు హెచ్.ఎం. రెడ్డిగారు. అందులో నటించింది ఎవరనుకున్నారు? సురభి వారే. లీలావతి వేషం సురభి కమలాబాయిగారిది. అంటే ఆడుతున్న స్టేజీ నాటకాన్నే పద్యాలతో పాటలతో కెమెరాకెక్కించి ఊరూరా పంపించారన్నమాట. అమెరికాలో 1952లో 'కార్మెన్' అనే ఒపెరాని తీగల ద్వారా సినిమా హాళ్ళకి పంపి గొప్పగా చెప్పుకున్నారు. మనవాళ్ళు ప్రత్యక్షంగా పంపలేకపోయినా, అంతకు 20 ఏళ్ళ ముందే మన ఒపెరాని డబ్బాల్లో పెట్టి రైలెక్కించారు.

1934లో సి. పుల్లయ్యగారి 'లవకుశ' వచ్చింది. శ్రీరంజనిగారు సీత. ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ చూసిన బొమ్మ అది. 1936లో ద్రౌపది కథ మీద ఒకేసారి రెండు బొమ్మలు పోటీ పడ్డాయి. ఒకదానిలో దుర్యోధనుడు బళ్ళారి రాఘవగారు. చదువుకున్న ఆడవాళ్ళు స్టేజీ మీదికి రావాలని పట్టుబట్టినవారాయన. 1939లో 'వరవిక్రయం' వచ్చింది. కట్నాల మీద కాళ్ళకూరి నారాయణరావుగారు రాసిన నాటకమే అది. భానుమతిగారు తొలిసారి తెర మీద కనిపించింది అందులోనే. ఆలోచించండి. కట్నం కోసం బేరమాడడాన్ని తెర మీద ఎండగడుతూంటే, హాల్లో పక్కపక్కన కూర్చున్నది ఎవరు? కట్నం ఇచ్చిన తల్లులు, కట్నం పుచ్చుకున్న అత్తలు, కట్నం కోసం ఎదురుచూస్తున్న పెళ్ళికాని పిల్లలు. ఇంట్లో ఒక్కత్తే కూర్చుని ఆ కథ చదివితే కన్నీళ్ళు వస్తాయి. నలుగురిలో కూర్చుని చూస్తే, పక్కావిడ కూడా కళ్ళొత్తుకుంటోందని తెలుస్తుంది. ఆ రెంటికీ చాలా తేడా ఉందండీ.

ఇక మన హైదరాబాదుకి వద్దాం. అబిడ్స్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ అబీద్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. దుకాణాల వీధి కాస్తా తర్వాత సినిమా హాళ్ళ వీధి అయింది. జమరుద్ మహల్, ప్యాలెస్, సాగర్ టాకీసు, తర్వాత సంతోష్, సప్నా, రామారావుగారు కట్టించిన రామకృష్ణా. మొదట్లో హిందీ బొమ్మలదే పైచేయి. 1956లో రాష్ట్రం ఏర్పడి హైదరాబాదు రాజధాని అయ్యాక తెలుగు బొమ్మల సందడి పెరిగింది.

పర్దా పాటించే ఊరు కదా, పాత హాళ్ళలో ఆడవాళ్ళకి జనానా అని వేరే భాగం ఉండేది. దాని ముందు గుడ్డ తెర. లోపల దీపాలు ఆరాక ఆ తెర తీసేవారు, దీపాలు వెలిగే వేళకి మళ్ళీ లాగేవారు. వచ్చేటప్పుడు రిక్షాకి కూడా చీర చుట్టబెట్టి కూర్చునేవారు. పర్దా లేని తెలుగిళ్ళ ఆడవాళ్ళు కూడా ఆ జనానాలోనే కూర్చున్నారు. ఎవరి చూపూ పడని చోటు కాబట్టి ఇంట్లో సులువుగా ఒప్పుకునేవారు మరి! మనల్ని దాచిపెట్టడానికి కట్టిన తెర అది. దాని వెనక చేరినవాళ్ళు మాత్రం కబుర్లు చెప్పుకున్నారు, పిల్లలకి పాలిచ్చారు, మరమరాలు పంచుకున్నారు, ఉర్దూ అర్థంకాని ఆవిడకి పక్కావిడ కథ చెప్పింది. తెలుగావిడా, ఉర్దూ మాట్లాడే ఆవిడా, మరాఠీ ఆవిడా ఒకే బెంచీ మీద కూర్చునే చోటు మరొకటి ఆ రోజుల్లో ఎంత వెతికినా దొరకడం కష్టమే.

అసలు ఈ జట్టు ఎలా నడిచేదో మీకందరికీ తెలుసు. అయినా రాసిపెట్టినవాళ్ళు లేరు కాబట్టి చెప్తాను. జట్టుకి ఒక పెద్దావిడ ఉండాలి. వయసు మళ్ళినావిడ, నోరున్నావిడ. ఆవిడ వస్తోందంటే అత్తలు కోడళ్ళని పంపుతారు. ఆట మధ్యాహ్నపు ఆటే కావాలి. మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక, పొద్దుటి వంటా గిన్నెలూ అయ్యాక, పిల్లలు బడినుంచి రాకముందు దొరికే ఆ మూడు గంటలే ఇల్లాలి సొంతం. డబ్బు పోపులడబ్బాలోంచి వస్తుంది. ఆడవాళ్ళ టిక్కెట్ల కిటికీ వేరు కాబట్టి ఒకావిడ ముందుగా వెళ్ళి అందరికీ కొంటుంది. చంటిపిల్లలు వంతులవారీగా ఒడి మారతారు. ఒకరు ఏడిస్తే జట్టంతా సముదాయిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా కథ మళ్ళీ మొదటినుంచీ నడుస్తుంది. ఆ కథ మధ్యలో సొంత కథలు కూడా దొర్లుతాయి. ఫలానా ఇంట్లో అల్లుడు సరిగా చూడడం లేదని, ఫలానా అమ్మాయికి ఆస్పత్రిలో చూపించాలని, కుట్టు మిషను వాయిదాల మీద ఇస్తున్నారని. ఎన్ని అవసరాలు ఆ దారిలో తీరాయో లెక్కగట్టినవాళ్ళు లేరు.

హైదరాబాదులో 1935లో ఆంధ్ర యువతీ మండలి ఏర్పడింది. చదువు కోసం, ఆడవాళ్ళ అభివృద్ధి కోసం పనిచేసింది. చరిత్రలో దానికి చోటు దక్కింది, దక్కాలి కూడా. మ్యాట్నీ జట్టుకి బోర్డు లేదు, మినిట్సు పుస్తకం లేదు. అయినా మండలి మీటింగుకి వెళ్ళడానికి ఎంతోమందికి కాళ్ళు తీసినది ఈ జట్టే అయి ఉంటుందని నా నమ్మకం. ఒకసారి వీధి దాటడం అలవాటయిన కాళ్ళు మరోసారి ఆగవు కదా!

అదే అబిడ్స్‌లో ఇంకో వింత జరిగింది. చిరాగ్ అలీ గల్లీలో 1933లో మహబూబ్ అలీ అనే పోస్టల్ ఉద్యోగి 200 వాట్ల చిన్న యంత్రంతో రేడియో ప్రసారం మొదలుపెట్టాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. దక్కన్ రేడియో అని పిలిచేవారు. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. టేపు యంత్రాలు చేతికి రాకముందు రేడియో నాటకమంటే ప్రత్యక్ష ప్రసారమే. స్టూడియోలో నటులు మైకు చుట్టూ నిలబడి పాడుతూంటే, ఆ క్షణంలోనే మీ ఇంట్లో వినిపించేది. అమెరికాలో 1931 క్రిస్మస్ నాడు మెట్రోపాలిటన్ వారు 'హాన్సెల్, గ్రెటెల్' ఒపెరాని పూర్తిగా రేడియోలో వినిపించారు. తర్వాత శనివారం మధ్యాహ్నాలు ఒపెరా వినడం అక్కడి ఇళ్ళల్లో అలవాటయింది. ఆ దేశం ఆర్థికమాంద్యంలో ఉండి ఒపెరా సంస్థ మూతబడే స్థితికి వస్తే, 1935లో శ్రీమతి ఎలినార్ బెల్మాంట్ అనే ఆవిడ అభిమానులందరినీ కూడగట్టి ఒక గిల్డు స్థాపించింది. డబ్బున్న నలుగురు దాతల మీద ఆధారపడిన కళని, కొంచెం కొంచెం ఇచ్చే వేలమంది చేతుల్లో పెట్టింది. వినేవాళ్ళు జట్టు కడితే కళ బతుకుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

మన రేడియో కూడా ఒంటరిగా వినే వస్తువు కాదు మొదట్లో. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పెట్టుకోవాలి. వాడకి ఒకటో రెండో ఉండేవి. పద్యనాటకం ఉన్న రాత్రి ఆ ఇంటి వసారా నిండిపోయేది. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమానికి బియ్యం చేట పట్టుకుని వచ్చి, రాళ్ళేరుకుంటూ వినేవారు. గడప దాటలేనివాళ్ళకి పాటని గడపలోకి తెచ్చింది రేడియో. ఆ మేలు మరువరానిది.

నాంపల్లి వైపు నడుద్దాం. పబ్లిక్ గార్డెన్స్‌లో 1938లో నుమాయిష్ మొదలైంది. 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. అక్కడ ఏటా ఆడవాళ్ళకీ పిల్లలకీ ప్రత్యేకించి ఒక రోజు కేటాయించడం ఆచారం. ఆ పక్కనే 1961లో రవీంద్రభారతి తెరిచారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళా తోరణంలో సురభి వారు ఎన్నో ఏళ్ళు 'మాయాబజార్', 'పాతాళభైరవి', 'బాలనాగమ్మ' వంటి నాటకాలు ఆడారు. ఘటోత్కచుడు గాలిలో ఎగురుతూ రావడం, బాణాలు ఆకాశంలో ఢీకొని నిప్పులు రాలడం, అన్నీ తాళ్ళతో, కప్పీలతో, తీగలతో కళ్ళ ముందే చేసి చూపించారు. సినిమాలో చూసి అలవాటుపడిన పిల్లలు కూడా నోళ్ళు తెరుచుకుని చూశారు. సురభి నాగేశ్వరరావుగారికి, బాబ్జీగారంటే అందరికీ తెలుస్తుంది, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కాలం చేశారు. ఆయన పోయినా కుటుంబం నాటకం వదలలేదు.

1963లో రంగుల 'లవకుశ' వచ్చినప్పుడు ఏమైందో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. ముప్ఫైకి పైగా పాటలూ పద్యాలూ ఉన్న బొమ్మ, ఘంటసాలగారి సంగీతం. ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని ఆడవాళ్ళు తరలివచ్చారు. సీత అడవికి వెళ్తూంటే హాలంతా ఒక్క గొంతుతో ఏడ్చింది. అది కూడా ఒపెరాయే కాదూ?

తర్వాత సంగతి తెలిసిందే. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1987లో ఆదివారం పొద్దుట 'రామాయణం' మొదలైనప్పుడు టీవీ ఉన్న ఇంట్లో వాడంతా చాపలు పరుచుకుని కూర్చుంది. జట్టు అప్పటికింకా ఉంది. ఇంటికో టీవీ వచ్చాక జట్టు ఇల్లుగా కుదించుకుపోయింది. మనిషికో ఫోను వచ్చాక ఇల్లు కూడా విడిపోయింది. ఇప్పుడు ఒకే గదిలో నలుగురు నాలుగు పాటలు, ఎవరి చెవిలో గొట్టాలు వాళ్ళు పెట్టుకుని వింటారు. 1881లో పారిస్ జనం పెట్టుకున్నట్టే! జమరుద్ మహల్, ప్యాలెస్, సాగర్ ఇవాళ లేవు. ఆ చోట్ల దుకాణాలకి వెళ్ళేవాళ్ళకి అక్కడో హాలుండేదన్న సంగతి కూడా తెలియదు.

పాత రోజులన్నీ బంగారమని నేననను. ఆ జనానా తెర వెనక మనల్ని కూర్చోబెట్టింది గౌరవించి కాదు, నమ్మక. జట్టులో అందరూ ఉండేవారా అంటే అదీ లేదు. భర్త పోయినావిడని ఎంతమంది పిలిచారు? పిల్లలు లేనావిడని శుభమా అని బయల్దేరేటప్పుడు తప్పించినవాళ్ళు లేరా? మనం ఆటకి వెళ్తే ఇంటి దగ్గర గిన్నెలు తోమిన పనిమనిషి ఏ ఆటకి వెళ్ళింది? పెద్దావిడ ఇష్టపడని కోడలు ఎన్ని మధ్యాహ్నాలు కిటికీ దగ్గర నిలబడి జట్టు వెళ్ళడం చూసిందో! ఈ చరిత్ర రాస్తే వీళ్ళ గురించి కూడా రాయాలి. ఇవాళ ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరి తోడూ లేకుండా మన ఆడపిల్ల వెళ్ళి టిక్కెట్టు కొనగలుగుతోంది. అది తక్కువ లాభం కాదు.

కానీ ఒక్క సంగతి గమనించండి. న్యూయార్క్ వాళ్ళ దగ్గర లేని యంత్రం ఏముంది? ఇంట్లో కూర్చుని ఏ ఒపెరా కావాలంటే అది చూడగలరు. 2020 మార్చిలో కరోనా వచ్చి హాలు మూసినప్పుడు మెట్రోపాలిటన్ వారు రాత్రికో ఒపెరా ఉచితంగా ఇళ్ళకే పంపారు. అయినా హాళ్ళు తెరవగానే ఆ స్నేహితురాళ్ళు మళ్ళీ సినిమా హాలు వరసలో పక్కపక్కన వెతుక్కుని కూర్చున్నారు. పాట ఇంట్లో దొరుకుతుంది. పాట అయ్యాక పక్కకి తిరిగి “విన్నావా?” అని అడగడానికి మనిషి దొరకదు. యంత్రం వచ్చిన ప్రతిసారీ పాటని మనకి దగ్గర చేసింది, మనల్ని మనకి కాస్త దూరం చేసింది. ప్రతిసారీ ఆడవాళ్ళే ఆ దూరాన్ని మళ్ళీ పూడ్చారు, రేడియో ఉన్న ఇంటి వసారాలోనూ, టీవీ ముందు పరిచిన చాప మీదా.

కాబట్టి మీకు రెండు చిన్న పనులు చెప్తాను. మొదటిది, మీ ఇంట్లో డెబ్బై ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఉంటే ఈ ఆదివారం దగ్గర కూర్చోండి. ఏ ఆట చూశారు, ఎవరితో వెళ్ళారు, టిక్కెట్టు ఎంత, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు కాదన్నారు, అన్నీ అడిగి ఒక నోటు పుస్తకంలో రాయండి. తారీఖులు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. “పెద్దవాడు కడుపులో ఉండగా” అంటే చాలు, మనం లెక్క కట్టుకోగలం. పుస్తకాల్లో లేని చరిత్ర ఆవిడ నాలుక మీద ఉంది. ఆవిడతో పాటే వెళ్ళిపోనివ్వకండి.

రెండోది, మీ వాడలో, మీ అపార్టుమెంటులో ఒక జట్టు కట్టండి. నలుగురు చాలు. రవీంద్రభారతిలో పద్యనాటకం ఉందో, ఎక్కడన్నా సురభి వారి నాటకం ఉందో పేపర్లో చూసి వెళ్ళండి. హాల్లో ముందు వరసలు ఖాళీగా ఉంటే పాడేవాడి గొంతు కూడా పడిపోతుంది. టిక్కెట్టు ఉంటే కొనండి, లేకపోతే అయ్యాక వెళ్ళి ఒక మంచి మాట చెప్పండి. వెళ్ళేటప్పుడు వెనకటి జట్లు పిలవకుండా వదిలేసిన మనిషిని మరిచిపోకుండా పిలవండి. ఒంటరిగా ఉంటున్న మూడో అంతస్తు మామ్మగారో, కొత్తగా కాపురానికి వచ్చి ఎవరినీ ఎరగని అమ్మాయో, మీ ఇంట్లో పనిచేసే ఆవిడో. మధ్యాహ్నపు ఆట అయితే మరీ మంచిది. ఆ మూడు గంటలూ మన అమ్మమ్మలు మనకోసం సంపాదించి పెట్టిన ఆస్తి మరి!